ఇంటి తెరపై ఏం చూడాలి? వరుసలో కనిపించేవీ, వరుసకే రానివీ

సంధ్యా సూరి దర్శకత్వం వహించిన ‘సంతోష్’ చిత్రం 2025 అక్టోబర్ 17న లయన్స్‌గేట్ ప్లే ద్వారా భారతీయ ప్రేక్షకుల ఇళ్లకు చేరవలసి ఉంది. చేరలేదు. భర్త విధి నిర్వహణలో మరణించగా కారుణ్య నియామకం కింద కానిస్టేబుల్ ఉద్యోగంలో చేరిన ఒక యువతి, దళిత బాలిక హత్య దర్యాప్తులో భాగం కావడం ఆ చిత్ర కథ. 2024లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. బ్రిటన్ తన తరఫున ఆస్కార్ పోటీకి పంపింది. హిందీలో తీసిన ఈ చిత్రానికి భారత సెన్సార్ బోర్డు పెద్ద ఎత్తున కోతలు సూచించింది. అవి అమలు చేస్తే కథే మిగలదని చిత్ర బృందం భావించింది. థియేటర్ దారి అలా మూసుకుపోగా, ఓటీటీ దారి కూడా చివరి క్షణంలో మూసుకుపోయింది.

ఈ వారాంతంలో ఇంట్లో ఏం చూడాలన్న ప్రశ్నకు పత్రికలు, వెబ్‌సైట్లు ప్రతి శుక్రవారం జాబితాలు ఇస్తున్నాయి. వాటి ఉపయోగం కాదనలేనిది. అయితే అవన్నీ వచ్చినవాటి జాబితాలే. రానివాటి గురించి, వచ్చి మాయమైనవాటి గురించి, వచ్చినా ఒక భాషవారికే అందినవాటి గురించి వాటిలో చోటుండదు. రిమోట్ చేతిలో ఉన్నంత మాత్రాన ఎంపిక పూర్తిగా ప్రేక్షకుడిదే అనుకోవడం ఎంత సహజమో, అంత పొరపాటు కూడా.

తెర మీది మొదటి వరుస

ఓటీటీ యాప్ తెరవగానే కనిపించే బొమ్మల వరుస గ్రంథాలయపు అలమర లాంటిది కాదు, దుకాణం ముందు భాగంలో పేర్చిన సరుకు లాంటిది. గతంలో ఏం చూశారు, ఎంతసేపు చూశారు, ఏది మధ్యలో ఆపేశారు అన్న లెక్కలతో ఆ వరుస తయారవుతుంది. ఒకే చిత్రానికి ఒక్కో ప్రేక్షకుడికి ఒక్కో పోస్టర్ చూపించే పద్ధతిని నెట్‌ఫ్లిక్స్ అనేక ఏళ్లుగా అనుసరిస్తోంది. ప్రేమకథలు ఎక్కువగా చూసేవారికి జంట బొమ్మ, హాస్యం ఇష్టపడేవారికి అందులోని హాస్యనటుడి బొమ్మ కనిపించవచ్చు. పోస్టర్ చూసి సినిమా స్వభావాన్ని అంచనా వేసే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు.

భారతీయ ఇళ్లలో మరో చిక్కు ఉంది. టీవీ ఒకటే, ప్రొఫైల్ ఒకటే. నాయనమ్మ చూసిన భక్తి చిత్రం, మనవడి కార్టూన్లు, తండ్రి అర్ధరాత్రి చూసిన నేర కథలు అన్నీ ఒకే ఖాతాలో జమ అవుతాయి. ఆ కలగూరగంపను చూసి యాప్ చేసే సిఫారసు ఇంట్లో ఎవరికీ నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఎవరి ప్రొఫైల్ వారు పెట్టుకోవడం చిన్న పనే గానీ, దానితో వరుస రూపురేఖలే మారతాయి.

అంతకంటే ముఖ్యమైన పరిమితి ఒకటుంది. ఏ వేదిక సిఫారసూ దాని ప్రహరీ గోడ దాటదు. ప్రైమ్ వీడియోలో ‘పాతాళ్ లోక్’ చూసి మెచ్చినవారికి, ఆ సిరీస్ సృష్టికర్త సుదీప్ శర్మ మరికొందరితో కలిసి పంజాబ్ నేపథ్యంలో రూపొందించిన ‘కోహ్రా’ కూడా నచ్చే అవకాశం ఎక్కువ. కానీ అది నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది కాబట్టి ప్రైమ్ దాని పేరు ఎత్తదు. తిహార్ జైలు నేపథ్యంలో విక్రమాదిత్య మోత్వానే రూపొందించిన ‘బ్లాక్ వారెంట్’ 2025 జనవరి 10న, నాగాలాండ్‌లో సాగే ‘పాతాళ్ లోక్’ రెండో సీజన్ అదే నెల 17న వచ్చాయి. వారం తేడాతో వచ్చిన ఈ రెండూ పోలీసు, జైలు వ్యవస్థలను లోపలి నుంచి చూసినవే. కానీ వేర్వేరు వేదికలు కావడంతో ఒకటి చూసినవారికి రెండోది ఉన్నట్లు యాప్ చెప్పలేదు. ఈ లంకెను దర్శకుల, రచయితల పేర్లతో ప్రేక్షకులే వెతికి పట్టుకోవాలి. నటుల పేర్లతో వెతకడం మనకు అలవాటే. సిరీస్‌ల విషయంలో మాత్రం రచయిత పేరు అంతకంటే నమ్మకమైన ఆనవాలు.

ఏ భాషలో వినాలి?

తెలుగు ప్రేక్షకులకు ఈ ప్రశ్న ప్రాధాన్యం ‘ఆర్ఆర్ఆర్’ నాడే తెలిసింది. 2022 మే 20న ఆ చిత్రం ఇళ్లకు చేరినప్పుడు తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రతులు జీ5లో, హిందీ ప్రతి నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. అమెరికా, ఐరోపాల్లో లక్షలాది మంది ఆ తెలుగు చిత్రాన్ని హిందీ డబ్బింగ్‌లోనే చూశారు. మరుసటి ఏడాది ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది గానీ, ఆ చిత్రాన్ని ఇష్టపడిన విదేశీయుల్లో అనేకులు దాని సంభాషణలను తెలుగులో విననే లేదు. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ విషయంలోనూ ఇదే జరిగింది. దక్షిణాది భాషలు ప్రైమ్ వీడియోకు, హిందీ నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్లాయి. పూణెలోనో, సూరత్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పెద్దలు తెలుగులో, పిల్లలు హిందీలో చూడాలనుకుంటే ఒకే సినిమాకు రెండు చందాలు కట్టాలి. హక్కులను భాషలవారీగా విడగొట్టి అమ్మితే నిర్మాతకు ఆదాయం పెరుగుతుంది. ఆ విభజన భారం చూసే ఇంటిపై పడుతుంది.

డబ్బింగ్‌లో చూడాలా, మూల భాషలో సబ్‌టైటిళ్లతో చూడాలా అన్నది చాలామందికి సౌకర్యం ప్రశ్న మాత్రమే. కొన్ని చిత్రాలకు మాత్రం అది అర్థం ప్రశ్న. పాయల్ కపాడియా దర్శకత్వంలో వచ్చిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ 2024లో కాన్ గ్రాండ్ ప్రీ గెలుచుకుంది. ఆ ఉత్సవ ప్రధాన పోటీలోకి మూడు దశాబ్దాల తర్వాత వెళ్లిన భారతీయ చిత్రమది. ముంబైలో పనిచేసే మలయాళీ నర్సుల కథ. అందులో ఒక మలయాళీ వైద్యుడికి హిందీ పట్టుబడదు. ఊరు పరాయిదనే భావన అతడి తడబాటులోనే ప్రేక్షకుడికి అందుతుంది. అన్ని పాత్రలూ ఒకే భాష మాట్లాడే డబ్బింగ్‌లో ఆ తడబాటుకు తావు ఎక్కడ? ఈ చిత్రాన్ని భారత్‌లో థియేటర్లకు తెచ్చింది తెలుగు నటుడు, నిర్మాత రానా దగ్గుబాటి సంస్థ. 2024 నవంబర్‌లో కొద్ది థియేటర్లలో ఆడిన ఈ చిత్రం 2025 జనవరి 3న హాట్‌స్టార్ ద్వారా ఇళ్లకు వచ్చింది. పెద్ద నగరాల వెలుపల ఉన్న ప్రేక్షకులకు దీన్ని చూసే తొలి అవకాశం అదే. అటువంటి చిత్రాలకు ఇంటి తెరే అసలు థియేటర్.

‘పాతాళ్ లోక్’ రెండో సీజన్‌దీ అదే సంగతి. ఢిల్లీ పోలీసు అధికారి నాగాలాండ్‌లో అడుగుపెట్టినప్పుడు అతడికి అర్థం కాని మాటలు ప్రేక్షకుడికీ అర్థం కాకుండా ఉండాలి. అదే ఆ కథకు ఊపిరి.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి కూడా ఉంది. ఉత్తరప్రదేశ్ గ్రామ నేపథ్యంలో హిందీలో ఆదరణ పొందిన ‘పంచాయత్’ను తెలుగులో ‘సివరపల్లి’గా మళ్లీ తీశారు. 2025 జనవరి 24న అది ప్రైమ్ వీడియోలో వచ్చింది. పంచాయతీ కార్యదర్శి, సర్పంచి భర్త పెత్తనం, పల్లె రాజకీయం తెలుగు నేలకు కొత్త కావు గనుక కథ ఇట్టే ఇమిడింది. రెండింటినీ చూసే ఓపిక ఉన్నవారికి ఏది ఎక్కడ మారిందో గమనించడం ఒక వినోదం. లేనివారు మూలాన్నే చూడటం మంచిదని చెప్పవచ్చు. మొదటిసారి ఆ కథ చెప్పినప్పటి తాజాదనం దానిలోనే ఉంది.

ఆగితే ఎంత, కొంటే ఎంత?

థియేటర్లో విడుదలైన సినిమా ఎన్నాళ్లకు ఇంటికి వస్తుందన్నది ఇప్పుడు టికెట్ కొనే నిర్ణయాన్నే శాసిస్తోంది. హిందీ చిత్రాలకు ఎనిమిది వారాల విరామం ఉండాలని మల్టీప్లెక్స్‌లు పట్టుబడతాయి. తెలుగులో చాలా చిత్రాలు నాలుగు వారాలకే వస్తున్నాయి. 2025 మార్చి 14న విడుదలైన ‘కోర్ట్’ సరిగ్గా 28 రోజులకు, ఏప్రిల్ 11న నెట్‌ఫ్లిక్స్‌కు చేరింది. 2024 డిసెంబర్ 5న విడుదలైన ‘పుష్ప 2’ మాత్రం 56 రోజులు ఆగి జనవరి 30న వచ్చింది. హిందీ మార్కెట్ ఎంత పెద్దదైతే విరామం అంత పెరుగుతుందనడానికి ఈ రెండు తేదీలు చాలు.

చందా లెక్క కూడా సూటిగా లేదు. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ 149 రూపాయలు. కానీ అందులో టీవీపై చూడలేరు. ప్రైమ్ వార్షిక సభ్యత్వం 1,499 రూపాయలు. 2025 జూన్ 17 నుంచి సినిమాల మధ్య ప్రకటనలు మొదలయ్యాయి. వద్దనుకునేవారికి ఏడాదికి అదనంగా 699 రూపాయలు ప్రారంభ ధరగా ప్రకటించారు. జియో సినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లు 2025 ఫిబ్రవరి 14న జియో హాట్‌స్టార్‌గా ఒక్కటయ్యాయి. పోటీ తగ్గితే సినిమాలు కొనే చేతులూ తగ్గుతాయి. ఆ ప్రభావం ముందుగా పడేది పెద్ద తారలు లేని చిన్న చిత్రాలపైనే.

దీనికి ఎదురు దారి వెతికింది ఆమిర్ ఖాన్. 2025 జూన్ 20న విడుదలైన ‘సితారే జమీన్ పర్’ను ఏ ఓటీటీ సంస్థకూ ఇవ్వకుండా, ఆగస్టు 1 నుంచి యూట్యూబ్‌లో 100 రూపాయల అద్దెకు పెట్టారు. నెల చందా కట్టి నాలుగు చిత్రాలు సగం సగం చూసే ఇంటికి, 100 రూపాయలిచ్చి ఒకదాన్ని పూర్తిగా చూసే పద్ధతి కొత్తేమీ కాదు. ఒకప్పుడు వీడియో క్యాసెట్ అద్దెకు తెచ్చుకున్నదీ ఇలాగే.

పిల్లలతో కలిసి చూసేటప్పుడు

2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలోని ప్రతి చిత్రానికీ వయోవర్గం సూచించాలి. అందరికీ, ఏడేళ్లు పైబడినవారికి, 13 పైబడినవారికి, 16 పైబడినవారికి, పెద్దలకు మాత్రమే అన్నవి ఐదు వర్గాలు. 13 ఏళ్లు, ఆపై వర్గాలకు తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు కల్పించాలి. ఈ తాళాన్ని వాడుకోవడం అవసరమే. అయితే అంకె చూసి పక్కన పెట్టేవాటిలో పిల్లలతో కలిసి చూడదగినవి కూడా ఉంటాయి.

‘కోర్ట్’ కథలో 19 ఏళ్ల యువకుడిపై 17 ఏళ్ల అమ్మాయి కుటుంబం పోక్సో కేసు పెడుతుంది. కుల, అంతస్తుల పట్టింపు చట్టాన్ని ఎలా ఆయుధం చేసుకుంటుందో ఆ చిత్రం చూపుతుంది. 13 ఏళ్ల బాలుడు తోటి విద్యార్థిని హత్య కేసులో అరెస్టయ్యే బ్రిటిష్ సిరీస్ ‘అడాలసెన్స్’ 2025 మార్చి 13న వచ్చింది. నాలుగు ఎపిసోడ్లు, ఒక్కోటీ ఒకే షాట్‌లో తీశారు. గదిలో తలుపు వేసుకుని ఫోన్ చూస్తున్న పిల్లవాడి లోకం తమకు తెలుసనుకునే తల్లిదండ్రులను అది కలవరపెట్టింది. యుక్తవయసు పిల్లలున్న ఇంట్లో ఈ రెండింటినీ పెద్దలు ముందుగా చూసి, ఆ తర్వాత పిల్లలతో కలిసి చూడటం మేలు.

సరిహద్దు వద్ద ఆగిపోయేవి

దక్షిణాసియాలో పొరుగు దేశాల కథలు ఒకదానికొకటి అర్థమయ్యేంత దగ్గరగా ఉన్నాయి, అందనంత దూరంలోనూ ఉన్నాయి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రదాడి జరిగింది. మే 8న కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ పాకిస్తాన్‌లో తయారైన వెబ్ సిరీస్‌లు, సినిమాలు, పాటలు, పాడ్‌కాస్ట్‌లను నిలిపివేయాలని ఓటీటీ సంస్థలకు సూచించింది. జాతీయ భద్రతను కారణంగా చూపింది. అప్పటిదాకా పాకిస్తానీ ధారావాహికలకు భారత్‌లో యూట్యూబ్ ద్వారా పెద్ద సంఖ్యలో ప్రేక్షకులున్నారు. 2024లో ‘కభీ మై కభీ తుమ్’ను ఉత్తరాది ఇళ్లలో సొంత సీరియల్‌లాగే చూశారు. అడ్డుగోడలు ఒకవైపే లేవు. కాన్‌లో పురస్కారం పొందిన పాకిస్తానీ చిత్రం ‘జాయ్‌లాండ్’ను 2022లో ఆ దేశపు పంజాబ్ ప్రభుత్వమే తమ రాష్ట్రంలో నిషేధించింది. 2024లో ‘బర్జఖ్’ సిరీస్ నిరసనల నేపథ్యంలో పాకిస్తాన్ యూట్యూబ్ నుంచి వైదొలగింది.

బంగ్లాదేశ్ విషయం వేరు. అక్కడి సిరీస్‌లు కోల్‌కతా వేదిక హోయ్‌చోయ్ ద్వారా సరిహద్దు దాటాయి. ఢాకా పోలీస్ స్టేషన్‌లో ఒక రాత్రి సాగే ‘మహానగర్’, జైలు గదిలో అకస్మాత్తుగా ప్రత్యక్షమైన ఖైదీ చుట్టూ అల్లిన ‘కారాగార్’ ఆ దేశపు రచనా పటిమకు నిదర్శనాలు. శ్రీలంక దర్శకుడు ప్రసన్న వితానగే మలయాళ నటులతో తీసిన ‘పారడైజ్’ 2022 నాటి ఆర్థిక సంక్షోభంలో చిక్కుకున్న ఒక పర్యాటక జంట కథ. పెట్రోలు కోసం బారులు, వీధుల్లో నిరసనలు వార్తల్లో చూసినవారికి ఆ రోజుల్లో ఒక హోటల్ గది కిటికీ నుంచి దేశం ఎలా కనిపించిందో ఈ చిత్రంలో తెలుస్తుంది. పెద్ద వేదికల మొదటి వరుసలో ఇవేవీ కనిపించవు. పేరు తెలిసినవారే వెతుక్కుంటారు.

వచ్చి వెళ్లిపోయినవి

నయనతార నటించిన ‘అన్నపూరణి’ సెన్సార్ బోర్డు అనుమతితో 2023 డిసెంబర్ 1న థియేటర్లలో విడుదలైంది. నెలాఖరుకు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మత మనోభావాలను గాయపరిచిందన్న ఫిర్యాదులతో 2024 జనవరిలో, రెండు వారాలు తిరగకముందే తొలగించారు. దిబాకర్ బెనర్జీ ఒక కశ్మీరీ కుటుంబపు మూడు తరాల కథతో తీసిన ‘తీస్’ను దాన్ని తీయించిన నెట్‌ఫ్లిక్సే విడుదల చేయలేదు. ‘ఓఎంజీ 2’ది మరో రకం. ఓటీటీలో విడుదలకు సెన్సార్ సర్టిఫికెట్ చట్టరీత్యా తప్పనిసరి కాదు. అయినా 2023లో అది నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినప్పుడు థియేటర్ల కోసం మార్పులు చేసిన ప్రతే వచ్చింది. కోతలు లేని ప్రతి ఇంట్లో దొరుకుతుందని ఎదురుచూసినవారికి నిరాశే మిగిలింది.

ఇక్కడ నిబంధనల నిర్మాణాన్ని ఒకసారి గమనించాలి. 2021 నిబంధనల ప్రకారం ఒక చిత్రంపై అభ్యంతరమున్నవారు ఫిర్యాదు చేస్తే సంస్థ 24 గంటల్లో అందినట్లు తెలపాలి, 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి చెందకపోతే పైన మరో రెండు అంచెలున్నాయి. అభ్యంతరానికి ఇంత చక్కటి దారి ఉంది. చూడాలనుకున్న చిత్రం ఎందుకు మాయమైందని అడిగే చందాదారుకు మాత్రం అటువంటి దారి వేయలేదు. డీవీడీ దుకాణాలు మూతపడిన కాలంలో, యాప్ నుంచి పోయిన చిత్రం చాలా ఇళ్లకు లేనట్లే. తొలగించింది ప్రభుత్వ ఉత్తర్వు కాకపోవచ్చు, సంస్థ జంకే కావచ్చు. ప్రేక్షకుడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఉత్తర్వునైతే కోర్టులో సవాలు చేయవచ్చు. జంకును సవాలు చేయడం ఎలా?

ఈ సందర్భంలో 1988ని గుర్తు చేసుకోవడం అప్రస్తుతం కాదు. దేశ విభజన నాటి హింసపై భీష్మ సాహ్నీ నవల ఆధారంగా గోవింద్ నిహలానీ తీసిన ‘తమస్’ను దూరదర్శన్ ప్రసారం చేస్తుండగా, దాన్ని ఆపాలని కొందరు కోర్టుకు వెళ్లారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు స్వయంగా చూసిన తర్వాతే అనుమతించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా నిషేధానికి నిరాకరించింది. నాటి ప్రేక్షకుడికి ఉన్నది ఒకే చానల్. ఎంపిక అన్న మాటే లేదు. కానీ ఏది ప్రసారమవుతుంది, ఎందుకన్న వాదన బహిరంగంగా, కారణాలతో సహా నడిచింది. అదే చానల్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ప్రాంతీయ భాషా చిత్రాలు సబ్‌టైటిళ్లతో వచ్చేవి. ఎవరూ కోరుకోకపోయినా అసమియా, మలయాళ, ఒడియా చిత్రాలు తెలుగు ఇళ్లలోకి వచ్చాయి. అభిరుచిని లెక్కగట్టి చూపించే నేటి యాప్ ఆ పని చేయదు. చూసినదాని వంటిదే మళ్లీ చూపిస్తుంది. ప్రసార భారతి 2024 నవంబర్ 20న గోవాలో ప్రారంభించిన ‘వేవ్స్’ వేదికలో ‘రామాయణ్’, ‘ఫౌజీ’ వంటి పాత ధారావాహికలు ఉన్నాయి. ఆదివారపు ఆ ప్రాంతీయ చిత్రాల అలవాటును కూడా అది తిరిగి తెస్తుందా అన్నది చూడాలి.

యాప్‌తో నిమిత్తం లేకుండా సినిమా ఇంటింటికీ చేరిన ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. 2023 మార్చి 3న విడుదలైన ‘బలగం’ మూడు వారాలకే, 24న ప్రైమ్ వీడియోలోకి వచ్చింది. చావు ఇంట తెగిపోయిన బంధాల కథ అది. ఫోన్లలో అందుబాటులోకి వచ్చిన తర్వాత కూడా పల్లెల్లో వీధి మధ్య తెర కట్టి, ఊరంతా చేరి దాన్ని చూశారు. పక్క ఊళ్లో చూసినవారు చెబితే ఈ ఊళ్లో వేశారు.